దుబాసీ వ్రాసిన దినచర్య

రెండు భాషలు నేర్చి, ఒకరి మాటను మరొకరికి అందించేవాడు ద్విభాషి. ఈ సంస్కృత పదమే ప్రజల నోళ్ళలో నలిగి దుబాసీ అయింది. ఐరోపా వర్తకులు మన సముద్రతీరాల్లో స్థావరాలు ఏర్పరచుకొన్న కాలంలో దుబాసీ లేనిదే వారికి పూట గడిచేది కాదు. దుబాసీ కేవలం అనువాదకుడు కాడు. నేతగాండ్రకు ముందుగా సొమ్ము ముట్టజెప్పి వస్త్రాలు నేయించడం, వర్తకులతో ధరలు తేల్చడం, నవాబుల దర్బారులకు లేఖలు పంపడం, వచ్చిన లేఖలలోని మాటల వెనుక మర్మాన్ని దొరలకు విప్పిచెప్పడం, ఇవన్నీ అతని పనులే. అటు పాలకుల నమ్మకం, ఇటు ప్రజల గౌరవం రెండూ నిలుపుకోవలసిన పదవి అది. అటువంటి పదవిని చేపట్టి, పగలంతా ఇతరుల మాటలను మోసిన ఒక వ్యక్తి తన మాటను మాత్రం ఇరవై నాలుగేళ్ళకు పైగా కాగితానికి అప్పగించాడు. ఆయనే పుదుచ్చేరి దుబాసీ ఆనందరంగ పిళ్ళై.

ఆనందరంగ పిళ్ళై 1709 మార్చి 30న మద్రాసు సమీపంలోని పెరంబూరులో జన్మించాడు. తండ్రి తిరువేంగడ పిళ్ళై పేరున్న వర్తకుడు. వారి సమీప బంధువు నైనియ పిళ్ళై అప్పటికే పుదుచ్చేరిలో ఫ్రెంచి కంపెనీకి ప్రధాన దుబాసీగా ఉన్నాడు. ఆయన ప్రోత్సాహంతో తిరువేంగడ పిళ్ళై కుటుంబంతో సహా పుదుచ్చేరికి తరలివచ్చాడు. ఆనందరంగని బాల్యం ఆ రేవుపట్టణంలోనే గడిచింది. ఇంట తమిళం, బజారులో తెలుగు, కంపెనీ కొలువులో ఫ్రెంచి, రేవులో పోర్చుగీసు, నవాబుల ఉత్తరాల్లో పారసీకం వినిపించే ఊరు అది. అక్కడ పెరిగిన పిల్లవాడికి చెవులు నిలబెట్టి వినడమే తొలి చదువు అయింది.

ఆయన ఎనిమిదేళ్ళ వయసులో ఆ కుటుంబం ఒక పెద్ద ఆపదను చూసింది. అప్పటి ఫ్రెంచి గవర్నరు హెబెర్ పాలనలో నైనియ పిళ్ళైపై నేరాలు మోపి, విచారణ జరిపి, జరిమానా విధించి, చెరసాలలో పెట్టారు. 1717లో ఆయన ఆ చెరసాలలోనే కన్నుమూశాడు. ఆయన కుమారుడు గురువ పిళ్ళై ఓడ ఎక్కి ఫ్రాన్సు దేశానికి వెళ్ళి, తండ్రికి జరిగిన అన్యాయాన్ని అక్కడి అధికారులకు విన్నవించుకొన్నాడు. ఆ ప్రయత్నం ఫలించింది. గురువ పిళ్ళై అక్కడే క్రైస్తవం స్వీకరించి, షెవాలియర్ బిరుదుతో తిరిగివచ్చి, తండ్రి నిర్వహించిన పదవిలోనే కూర్చున్నాడు. 1724లో ఆయన కూడా మరణించాడు. పెద్దల అనుగ్రహం ఎంత ఎత్తుకు ఎత్తుతుందో, ఆగ్రహం ఎంత లోతుకు తోస్తుందో ఆనందరంగనికి ఎవరూ పాఠంగా చెప్పవలసిన అవసరం లేకపోయింది. అది ఆయన సొంత ఇంటి కథ.

1726లో తండ్రి మరణించాడు. అప్పటికి ఆనందరంగనికి పదిహేడేళ్ళు. కుటుంబ భారంతోపాటు వ్యాపార భారం కూడా మీద పడింది. నాటి గవర్నరు లెన్వార్ ఈ యువకుని బుద్ధికుశలతను గుర్తించి, పరంగిపేటలోని వర్తక కేంద్ర నిర్వహణను అప్పగించాడు. బట్టలు, నీలిమందు, వక్కలు వంటి సరుకుల వ్యాపారంలో ఆయన ఆరితేరాడు. సొంత ఓడను కూడా సముద్రంపై నడిపించాడు. ఏ సరుకు ఏ రేవులో ఎంతకు పోయింది, ఎవరికి ఎంత బాకీ, ఎవరు మాట నిలుపుకొన్నారు, ఎవరు తప్పారు అన్నది ఏ రోజుకారోజు పుస్తకంలోకి ఎక్కకపోతే వర్తకుడు నిలువలేడు. ఈ లెక్కల పుస్తకపు క్రమశిక్షణే ఆయన దినచర్యకు పునాది అయిందని చెప్పవచ్చు.

1736 సెప్టెంబరు 6న, నల నామ సంవత్సరంలో, ఆనందరంగ పిళ్ళై ఒక కొత్త పుస్తకం తెరిచాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏడేళ్ళు. అది జమాఖర్చుల పుస్తకం కాదు. తాను కళ్ళారా చూసినవీ, చెవులారా విన్నవీ, ఓడల రాకపోకలూ, లోకంలో జరిగే వింతలూ విశేషాలూ అందులో వ్రాసి ఉంచాలని ఆయన సంకల్పించుకొన్నాడు. ఆ సంకల్పాన్ని పుస్తకం మొదట్లోనే వ్రాసుకొన్నాడు కూడా. రాజుల చరిత్రలను కావ్యాలుగా, వంశావళులుగా, కైఫీయతులుగా వ్రాసే సంప్రదాయం మనకు ఉన్నది. కాని ఒక సామాన్య వర్తకుడు తన కళ్ళెదుట జరుగుతున్న కాలాన్ని ఏ రోజుకారోజు తన మాటల్లో వ్రాసుకోవడం ఆ రోజుల్లో మన దేశంలో అరుదైన విషయం. ఆయనను ఎవరూ అలా వ్రాయమని ఆజ్ఞాపించలేదు. వ్రాసినందుకు ఎవరూ అగ్రహారం ఇవ్వలేదు. అచ్చు వేయించాలన్న ఊహ కూడా ఆయనకు లేదు.

ఆయన వ్రాసే పద్ధతి గమనింపదగినది. ప్రతి దినం వ్రాతకు ముందు తిథివారాలను నిర్దేశించినట్లు సంవత్సరం పేరు, తమిళ మాసం, తేదీ, వాటి సరసన ఐరోపా తేదీ ఉంటాయి. తరువాత ఆ రోజు సంగతులు. ఉదయం గవర్నరు బంగళాకు వెళ్ళడం, అక్కడ ఎవరెవరు ఉన్నారు, గవర్నరు ఏమి అడిగాడు, తాను ఏమి బదులు చెప్పాడు. అక్కడినుంచి తన వక్కల కొట్టుకు వచ్చి కూర్చోవడం, ఆ కొట్టు దగ్గరికి ఎవరు వచ్చారు, ఏ వార్త తెచ్చారు. రేవులోకి ఏ ఓడ వచ్చింది, ఏ సరుకు దించింది. ఏ పెద్దమనిషి రాకకు కోటలో ఎన్ని ఫిరంగులు పేల్చారు. ఎవరికి ఎన్ని గజాల బనాతు బహూకరించారు. ఇవన్నీ చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కాని ఫిరంగి మోతల సంఖ్యలో ఆనాటి రాజకీయ గౌరవాల కొలత ఉన్నది. బహుమతుల పట్టికలో ఎవరి పలుకుబడి పెరుగుతున్నదో, ఎవరిది తరుగుతున్నదో తెలిపే సూచన ఉన్నది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. అందుకే దేనినీ అల్పమని వదలలేదు.

మరొక విశేషం ఆయన భాష. పండితులను ఆదరించినవాడు, కావ్యభాష తెలిసినవాడు అయినా దినచర్యను మాత్రం మాట్లాడే తమిళంలోనే వ్రాశాడు. రేవులో వాడుకలో ఉన్న పోర్చుగీసు, ఫ్రెంచి, పారసీక పదాలు అందులో యథేచ్ఛగా దొర్లుతాయి. వ్యాకరణం కోసం ఆగి ఉంటే ఆ రోజు వ్రాత రేపటికి వాయిదా పడేది. రేపటికి వాయిదా పడిన వ్రాత సాధారణంగా ఎన్నటికీ పూర్తి కాదు. విన్న సంభాషణను విన్నట్లే, ఇద్దరి మాటలనూ వరుసగా వ్రాసుకోవడం ఆయనకు అలవాటు. పగలంతా ఒకరి మాటను మరొకరికి పొల్లుపోకుండా చెప్పే దుబాసీ వృత్తి ఆయన జ్ఞాపకశక్తికి సాన పెట్టింది. ఆ పదును దినచర్యలో పుటపుటనా కనిపిస్తుంది.

ఆయన వ్రాత ప్రారంభించిన సమయం కూడా చరిత్రలో ఒక మలుపు. 1736లోనే ఫ్రెంచివారు పుదుచ్చేరిలో రూపాయి నాణాలు ముద్రించుకొనేందుకు ఆర్కాటు నవాబు దోస్త్ అలీ నుంచి అనుమతి సంపాదించారు. 1740లో మరాఠా సైన్యాలు కర్ణాటక ప్రాంతంపైకి దండెత్తి వచ్చాయి. నేటి చిత్తూరు సీమలోని దామలచెరువు కనుమవద్ద జరిగిన యుద్ధంలో దోస్త్ అలీ మరణించాడు. నవాబు కుటుంబీకులు పుదుచ్చేరి కోట గోడల మధ్య తలదాచుకొన్నారు. 1742 జనవరిలో డూప్లే గవర్నరుగా వచ్చాడు. వ్యాపారం చేసుకోవడానికి వచ్చిన కంపెనీ రాజ్యాలను శాసించే స్థితికి ఎదగడం ఆయనతోనే మొదలయింది. ఆ మార్పు జరుగుతున్న గదిలో, గవర్నరు పక్కన నిలబడి, రెండు వైపుల మాటలూ విన్నవాడు ఆనందరంగ పిళ్ళై.

1746 ఫిబ్రవరిలో ప్రధాన దుబాసీ కనకరాయ మొదలి మరణించాడు. ఆ పదవి ఎవరికి దక్కాలన్న విషయంలో పట్టణంలో పెద్ద పోటీ ఏర్పడింది. కనకరాయ మొదలి క్రైస్తవుడు. అతని స్థానంలో క్రైస్తవుడే ఉండాలని మతాచార్యులు పట్టుబట్టారు. డూప్లే భార్య జాన్ బేగం కూడా ఆనందరంగనికి అనుకూలురాలు కాదు. అయినా ఆయన సమర్థత తెలిసిన డూప్లే పనులన్నీ ఆయనకే అప్పగించాడు. తరువాత పదవి కూడా లాంఛనంగా ఆయనదే అయింది. ఈ నెలల్లో ఎవరెవరు తనపై ఏయే చాడీలు చెప్పారో, తనను ప్రలోభపెట్టిన వారెవరో, తాను ఎవరిని శంకించాడో ఆయన దాచకుండా వ్రాసుకొన్నాడు. ఇటువంటి పుస్తకం శత్రువుల చేతికి చిక్కితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. నైనియ పిళ్ళై గతి ఆ ఇంట్లో ఎవరికీ మరపురానిది. అయినా ఆయన కలం ఆగలేదు.

అదే సంవత్సరం సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాధిపతి లా బూర్డొనే మద్రాసు కోటను ఆంగ్లేయుల నుంచి స్వాధీనం చేసుకొన్నాడు. గెలిచిన పట్టణాన్ని సొమ్ము తీసుకొని తిరిగి ఇచ్చివేయాలని అతడు, అట్టిపెట్టుకోవాలని డూప్లే తగవులాడుకొన్నారు. పట్టణాన్ని తమకు అప్పగించలేదని ఆగ్రహించిన నవాబు అన్వరుద్దీన్ పంపిన పెద్ద సైన్యాన్ని, శాంతోము దగ్గర అడయారు నది ఒడ్డున, కొద్ది వందలమంది ఫ్రెంచి సైనికులు చెదరగొట్టారు. శిక్షణ పొందిన చిన్న దళం ముందు సంఖ్యాబలం నిలువలేదన్న సత్యం ఆ రోజు వెల్లడి అయింది. రాబోయే రెండువందల ఏళ్ళ భారతదేశ చరిత్రకు అది నాంది. ఈ సంఘటనల గురించిన కబుర్లు, పుకార్లు, పట్టణ ప్రజల సంతోషం, భయం ఆనందరంగని దినచర్యలో అప్పటికప్పుడు నమోదయ్యాయి. ఫలితం తెలిసిన తరువాత వ్రాసే చరిత్రకారునికి ఆ భయం అందదు. రేపు ఏమి జరుగుతుందో తెలియకుండా వ్రాసినవాని పుటలోనే అది మిగులుతుంది.

1748లో ఆంగ్ల నౌకాధిపతి బోస్కావెన్ పుదుచ్చేరిని ముట్టడించాడు. ఆ ముట్టడి సమయంలోనే, సెప్టెంబరులో, పట్టణంలోని ప్రాచీనమైన వేదపురీశ్వరుని ఆలయాన్ని ఫ్రెంచి అధికారులు పడగొట్టించారు. ఆలయం పక్కనే ఉన్న చర్చి ఆచార్యులు ఎంతో కాలంగా కోరుతున్న పని అది. పట్టణంలోని హిందువులందరికీ పెద్దగా చెల్లుబాటు అవుతున్నవాడు ఆనందరంగ పిళ్ళై. ప్రజలు ఆయనవైపే చూశారు. ఆయన ఆ ఆలయాన్ని కాపాడలేకపోయాడు. పదవి వదులుకొనే సాహసం చేయలేదు, పాలకులను ఎదిరించనూలేదు. ఆ రోజు జరిగిన దానిని, ప్రజల దుఃఖాన్ని, తన నిస్సహాయతను మాత్రం వ్రాసి ఉంచాడు. దినచర్యకు నిజమైన పరీక్ష ఇటువంటి రోజునే ఎదురవుతుంది. గెలుపు పొందిన రోజును వ్రాయడానికి ఎవరికైనా చేయి ఆడుతుంది. తలవంచుకొన్న రోజును వ్రాయడానికి గుండె కావాలి. ఆలయాన్ని తరువాతి కాలంలో మరొకచోట పునర్నిర్మించారు. కూలిన ఆలయం కథ నేడు మనకు ఇంత వివరంగా తెలియడానికి ముఖ్య కారణం ఆయన వ్రాసిన ఆ పుటలే.

తరువాతి మూడు నాలుగేళ్ళు ఆయన జీవితంలో మధ్యాహ్న సూర్యుని వంటివి. 1749లో నిజాం వారసత్వానికి పోటీపడుతున్న ముజఫర్ జంగ్ ఆయనకు మూడువేల గుర్రాల మన్సబుదారు హోదాను ప్రసాదించాడు. 1750 డిసెంబరులో నాజర్ జంగ్ హతుడయ్యాక ముజఫర్ జంగ్ పుదుచ్చేరిలోనే దర్బారు తీర్చి డూప్లేను సత్కరించాడు. కొద్ది వారాలకే, 1751 ఫిబ్రవరిలో, హైదరాబాదుకు వెళ్ళే దారిలో రాయచోటి ప్రాంతంలో ముజఫర్ జంగ్ కూడా హతుడయ్యాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ సలాబత్ జంగ్‌ను గద్దెపై నిలబెట్టాడు. అందుకు ప్రతిఫలంగా 1753లో శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం సర్కారులు ఫ్రెంచివారి అధీనంలోకి వచ్చాయి. ఆ విధంగా పుదుచ్చేరి బంగళాలో జరిగిన మంతనాలకు కృష్ణా గోదావరి తీరాల్లోని తెలుగు రైతులు శిస్తు చెల్లించవలసివచ్చింది. గోదావరి ఒడ్డున ఉన్న యానాం నేటికీ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగంగా ఉండడం ఆనాటి ఫ్రెంచి సంబంధానికి మిగిలిన గుర్తు.

వైభవం వెంట కవులు రావడం సహజం. ఆనందరంగని ఆశ్రయించి మూడు భాషల కవులు కృతులు రచించారు. శ్రీనివాసకవి సంస్కృతంలో ఆనందరంగ చంపువును రచించాడు. త్యాగరాజ దేశికర్ తమిళంలో ఆనందరంగన్ కోవై చెప్పాడు. తెలుగులో కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమనే లక్షణగ్రంథాన్ని సంతరించాడు. పద్యలక్షణాలను వివరిస్తూ, తన పోషకుని పేరునే గ్రంథానికి పెట్టిన ఈ రచన తెలుగు ఛందోగ్రంథాలలో గణనకెక్కింది. ఛందస్సు చదువుకొనే తెలుగువారికి ఆనందరంగని పేరు చాలాకాలం ఈ గ్రంథం వల్లనే తెలుసు. తమిళనాట పుట్టి, ఫ్రెంచివారి కొలువు చేసి, తెలుగు లక్షణగ్రంథానికి కృతిపతి కావడం ఆ కాలపు దక్షిణదేశంలోని భాషల పొత్తుకు చక్కని నిదర్శనం.

అయితే ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. కృతులలో కనిపించే ఆనందరంగడు దానంలో కర్ణుడు, బుద్ధిలో బృహస్పతి. ఆ పోలికలు ఆ కాలపు కృతిపతులందరికీ చెల్లుతాయి. పేరు తీసి మరొక పేరు పెడితే సరిపోతుంది. దినచర్యలో కనిపించే ఆనందరంగని పేరు అలా మార్చడానికి వీలులేదు. ఆ మనిషి జాతకాలు చూపించుకొంటాడు. శుభఘడియ కోసం ఎదురుచూస్తాడు. గవర్నరు మెచ్చుకొన్న మాటను మురిపెంగా వ్రాసుకొంటాడు. ప్రత్యర్థుల మీద కసిని దాచుకోడు. కులాల హెచ్చుతగ్గుల విషయంలో తన కాలపు దురభిప్రాయాలకు అతీతుడు కాడు. సొమ్ము రాకపోతే దిగులు పడతాడు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే బెంబేలెత్తుతాడు. ఇన్ని లోపాలతో ఉన్నందువల్లనే ఆయన మనకు సజీవుడుగా కనిపిస్తున్నాడు. ఇతరులు చేసిన పొగడ్త ఆయన పేరును నిలిపింది. తన కలం చేసిన నమోదు ఆయన మనస్సును నిలిపింది.

మధ్యాహ్నం దాటాక నీడలు పొడవవుతాయి. యుద్ధాల ఖర్చు భరించలేని ఫ్రెంచి కంపెనీ 1754లో డూప్లేను వెనక్కు పిలిపించింది. ఆయన ఓడ ఎక్కడంతో ఆనందరంగని ఆసరా పోయింది. కొత్త అధికారులు పాత దుబాసీని అనుమానంగా చూశారు. బాకీలు పేరుకొన్నాయి. శరీరం వ్యాధిగ్రస్తమయింది. 1756లో పదవి చేజారింది. అధికారం ఉన్నప్పుడు వాకిట నిండి ఉండే జనం ఇప్పుడు పలచబడ్డారు. సాధారణంగా మనుషులు తమ కథ చెప్పడం మానుకొనేది ఇటువంటి సమయంలోనే. ఆనందరంగ పిళ్ళై మానుకోలేదు. గవర్నరు బంగళాలోని రహస్యాలు వినే అవకాశం తగ్గిపోయినా, విన్నంతవరకు, చూసినంతవరకు వ్రాస్తూనే ఉన్నాడు. పదవి కోసం పట్టిన కలం కాదు కనుక పదవితో అది పోలేదు.

1758లో కౌంట్ లాలీ సేనాధిపతిగా వచ్చాడు. 1760 జనవరిలో వందవాసి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోయారు. ఆంగ్ల సేనాని ఐర్ కూట్ పుదుచ్చేరిని చుట్టుముట్టాడు. పట్టణంలో ధాన్యం అడుగంటింది. ప్రజలు ఆకలితో అలమటించారు. ఆనందరంగని ఆరోగ్యం నానాటికీ క్షీణించింది. విక్రమ నామ సంవత్సరంలో, 1761 జనవరి మాసంలో, పట్టణం ఆంగ్లేయులకు లొంగిపోయిన రోజుల్లోనే ఆయన కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్ళయినా నిండలేదు. ఆ జనవరి మాసంతోనే ఆయన దినచర్య కూడా ముగిసింది. జనవరి 16న ఫ్రెంచివారు లొంగిపోయారు. గెలిచినవారు కోటను, ప్రభుత్వ భవనాలను నేలమట్టం చేశారు. ఆయన ఏ సామ్రాజ్యం పుట్టుకను చూసి వ్రాయడం ప్రారంభించాడో దాని పతనంతోనే ఆయన వ్రాత ఆగింది.

కోట కూలినా పుస్తకం నిలిచింది. ఆ సంపుటాలు కుటుంబీకుల ఇంట్లో ఎనభై ఏళ్ళకు పైగా ఎవరి కంటా పడకుండా ఉండిపోయాయి. ఆయన తరువాత ఆ కుటుంబంలో మరికొందరు కూడా కొంతకాలం దినచర్య వ్రాసే అలవాటును కొనసాగించారు. 1846లో పుదుచ్చేరిలో ఫ్రెంచి ప్రభుత్వ ఉద్యోగి గాల్వా మోంబ్రన్ ఈ సంపుటాలను గుర్తించి నకలు వ్రాయించాడు. మరొక నకలు పారిస్ గ్రంథాలయానికి చేరింది. 1892లో ఈ సంగతి మద్రాసు ప్రభుత్వం దృష్టికి వచ్చింది. ప్రభుత్వం పూనుకొని ఆంగ్లానువాదం చేయించి, 1904 నుంచి 1928 వరకు పన్నెండు సంపుటాలుగా వెలువరించింది. ఆయన వ్రాయడానికి ఇరవై నాలుగేళ్ళు పడితే, దానిని ఆంగ్లంలో అచ్చువేయడానికి కూడా సుమారు అంతే కాలం పట్టింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో తమిళ మూలం కూడా అచ్చయింది. మూలంలో కొన్ని భాగాలు దొరకలేదు. మధ్యమధ్య ఖాళీలు ఉన్నాయి. లభించిన భాగమే పద్దెనిమిదో శతాబ్దపు దక్షిణ భారత చరిత్రకు తరగని గని అయింది. తమిళ రచయిత ప్రపంచన్ దీనిని ఆధారం చేసుకొని వానం వసప్పడుం అనే నవల రచించి, 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకొన్నాడు.

చరిత్రకారులు ఆనందరంగ పిళ్ళైని ఆంగ్ల దినచర్యకారుడు శామ్యూల్ పీప్స్‌తో పోలుస్తుంటారు. పీప్స్ 1660 జనవరి నుంచి 1669 మే వరకు, అంటే తొమ్మిదేళ్ళకు పైగా దినచర్య వ్రాసి, చూపు మందగిస్తున్నదన్న భయంతో మానుకొన్నాడు. ఆనందరంగ పిళ్ళై వ్రాసిన కాలం దానికి రెండు రెట్లకంటె ఎక్కువ. ఎవరు గొప్ప అన్న వాదం అనవసరం. ఇద్దరూ రాజులు కారు, మహాకవులు కారు. ఇద్దరూ పని ఒత్తిడిలో మునిగి ఉన్న ఉద్యోగులే. తీరిక దొరికిన తరువాత వ్రాద్దామని ఆగి ఉంటే ఇద్దరూ ఒక్క పుట కూడా వ్రాసి ఉండేవారు కారు.

ఆనందరంగని దినచర్య పరిశీలించినవారికి వ్రాత అలవాటును గురించి కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, తేదీ. తేదీ లేని సంగతి తీరం లేని నీరు వంటిది. రెండవది, చూసినదానిని చూసినట్లు, విన్నదానిని విన్నట్లు వేరుచేసి వ్రాయడం. పుకారును పుకారుగా చెప్పినంత మాత్రాన వ్రాతకు లోపం రాదు. దానిని నిజంగా చెలామణి చేస్తే వస్తుంది. మూడవది, పేర్లూ సంఖ్యలూ వదలకపోవడం. చాలామంది వచ్చారని వ్రాస్తే ఏమీ తెలియదు. ఎవరు వచ్చారో, ఎన్ని ఫిరంగులు పేలాయో వ్రాస్తే కాలం కళ్ళకు కడుతుంది. నాలుగవది, సొంత భాష. గంభీరమైన పదాల కోసం వెతుక్కోకుండా నోటికి వచ్చే మాటల్లో వ్రాసినందువల్లనే ఆయన అంతకాలం వ్రాయగలిగాడు. అయిదవది, అన్నిటికంటె కష్టమైనది, తనకు నచ్చని తన ముఖాన్ని కూడా పుటలోకి రానివ్వడం.

నేటి విద్యార్థికి కాగితం కొరత లేదు. కలం కొరత లేదు. చేతిలోని ఫోనులో కూడా నాలుగు మాటలు వ్రాసుకొనే వీలున్నది. కొరత అంతా క్రమానికే. పరీక్షల భయం, ఇంటి పనులు, స్నేహితుల కబుర్లు అన్నీ ఉన్న రోజునే అర పుట వ్రాయగలిగితే అది అలవాటు అవుతుంది. కళాశాలకు వచ్చే దారిలో చూసిన సంత, వర్షం పడక పొలంలో దిగాలుగా నిలిచిన రైతు, ఇంట్లో అమ్మమ్మ చెప్పిన పాత ముచ్చట, స్నేహితునితో పడిన తగాదా, అందులో తనవైపు ఉన్న తప్పు, ఇవేవీ చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కేవి కావు. పుదుచ్చేరి వక్కల కొట్టులో కూర్చున్న వర్తకుడు విన్న కబుర్లు కూడా ఆ రోజు ఎవరి దృష్టిలోనూ చరిత్ర కావు. సుమారు మూడు శతాబ్దాలు గడిచాయి. ఆ నాటి నవాబుల బిరుదులు, గవర్నర్ల ఆజ్ఞలు, కోటల గోడలు కాలగర్భంలో కలిసిపోయాయి. ఒక దుబాసీ ఏ రోజుకారోజు వ్రాసుకొన్న పుటలు మాత్రం ఆ కాలానికీ మన కాలానికీ మధ్య నిలబడి, నేటికీ దుబాసీ పని చేస్తూనే ఉన్నాయి.